ఐసీయూ నుంచి ఇంటికొచ్చారు సరే, లేచి నడిచేదెప్పుడు?

మీ ప్రశ్నలు, ఫిజియో జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు ఒకటే గోల, ఐసీయూలో ఉండొచ్చిన మనిషి మళ్ళీ ఎప్పటికి మామూలవుతాడు అని. వానాకాలం కదా, జొరాలు, నిమ్ములు, ఉబాల్లో, అంటే వరినాట్లలో, బురదలో దిగినోళ్ళకి వచ్చే రకరకాల జబ్బులు, ఏటా ఇదే వరస. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, మెడ పట్టేసిన వాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: నమస్తే అండి. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా నాన్నకి 58 ఏళ్ళు, వ్యవసాయం. ఉబాలప్పుడు జ్వరం మొదలై ఊపిరితిత్తులకి ఎక్కిపోతే విశాఖ తీసుకెళ్ళాం, 19 రోజులు ఐసీయూ, అందులో 11 రోజులు వెంటిలేటరు. బతికొచ్చారు, అదే పదివేలు. ఇంటికొచ్చి రెండు వారాలైంది. పట్టుకుంటే మంచం మీద కూర్చుంటున్నారు, లేచి నిలబడలేకపోతున్నారు, టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన రోజు కాయితంలో ఎమ్మార్సీ 38/60, సీపాక్స్ 27/50 అని రాశారు, అవేంటో ఎవరూ చెప్పలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు పక్షవాతం అంటున్నారు. సంక్రాంతికి పొలం గట్టు దాకా అయినా నడుస్తారా? డాక్టరు గారిని అడిగితే చూద్దాం అంటున్నారు. ఏటి చూద్దాం అండి?

జవాబు: అమ్మా, ముందు ఆ పక్షవాతం మాట తీసెయ్యండి. పక్షవాతం చాలావరకు ఒక పక్కనే కొడుతుంది, ఒక్కసారిగా వస్తుంది, మూతి వంకరపోవడం, మాట ముద్దగా రావడం లాంటివి ఉంటాయి. మీరు చెప్పింది రెండు చేతులూ రెండు కాళ్ళూ సమానంగా నీరసించడం. తొడలు, భుజాలు బాగా పట్టు తప్పుతాయి. దీన్ని మేం ఐసీయూ వీక్‌నెస్ అంటాం. అలా కాకుండా ఒక పక్కే బలహీనంగా ఉంటే మాత్రం నా జవాబు చదవడం ఆపేసి ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళండి.

ఎందుకొస్తుందంటే, పెద్ద జబ్బులో ఒళ్ళు తన కండనే తను తినేస్తుంది. లండన్‌లో ఐసీయూ పేషెంట్ల తొడకండని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో అచ్చేశారు, పది రోజుల్లో కండ అడ్డుకోత విస్తీర్ణం దాదాపు 18 శాతం తగ్గిపోయింది, ఎక్కువ అవయవాలు దెబ్బతిన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. పది రోజులంటే మనకి ఒక పెళ్ళి హడావిడి అయిపోయేంత టైము, అంతే. మీ నాన్నగారు 19 రోజులున్నారు. అంటే ఇంటికొచ్చింది జొరం తగ్గిన మనిషే గానీ వెనకటి కండ ఉన్న మనిషి కాదు. ఇన్ఫెక్షన్ రక్తానికెక్కడం, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టడం, షుగరు పెరగడం, ఇవన్నీ కండని, కొందరికి నరాల్ని కూడా దెబ్బతీస్తాయి. కండ దెబ్బతింటే కాస్త త్వరగా కోలుకుంటారు, నరం దెబ్బతింటే టైము పడుతుంది. అరికాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా, పాదం పైకెత్తలేక నేలకి ఈడుస్తున్నారా అన్నది చూసి డాక్టరుకి చెప్పండి, అవసరమైతే నరాల టెస్టు రాస్తారు.

ఇక ఆ అంకెలు. ఎమ్మార్సీ అంటే బలం కొలత. రెండు వైపులా ఆరేసి చోట్ల చూస్తాం, భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ, మొత్తం 12. ఒక్కోదానికి 0 నుంచి 5. కండ అసలు కదలకపోతే 0, లోపల చిన్నగా అదిరితే 1, పరుపు మీద అటూ ఇటూ జరపగలిగితే 2, పైకి ఎత్తగలిగితే 3, ఎత్తినదాన్ని నేను నొక్కితే కాస్త ఆపగలిగితే 4, నా బలం చాలకపోతే 5. పన్నెండు అయిదులు అరవై. 48 కంటే తక్కువొస్తే వీక్‌నెస్ ఉందని రాస్తాం. మీ నాన్నగారిది 38, అంటే సగటున 3 పైన, కాలు ఎత్తగలరు గానీ ఆ కాలు మీద ఒంటి బరువు వెయ్యలేరు. ఇంకో కొలత చేతిపట్టు, ఒక మీటరుని పిసికిస్తాం, మగవాళ్ళకి 11 కిలోల కంటే, ఆడవాళ్ళకి 7 కిలోల కంటే తక్కువైతే అదీ వీక్‌నెస్ కిందే లెక్క. గ్లాసు వణకడం అందుకే.

సీపాక్స్ వేరు. లండన్ చెల్సీ ఆస్పత్రిలో ఫిజియోలు తయారుచేసిన కొలత. ఇందులో చేతిపట్టు ఒక్కటి తప్ప కండ బలం కాదు, మనిషి ఏం చెయ్యగలడు అన్నది చూస్తారు. ఊపిరి సొంతంగా పీల్చడం, దగ్గు గట్టిగా రావడం, పక్క మీద దొర్లడం, లేచి మంచం అంచున కూర్చోవడం, కూర్చున్నప్పుడు తూలకపోవడం, నిలబడి ఆనుకోకుండా ఉండడం, కూర్చున్నవాడు లేవడం, మంచం నుంచి కుర్చీకి మారడం, అడుగులెయ్యడం, చేతిపట్టు. పదింటికీ అయిదేసి, మొత్తం 50. ఐసీయూ వదిలేరోజు ఈ మార్కుని బట్టి ఎవరు సొంతంగా ఇంటికెళ్తారు, ఎవరికి సాయం కావాలి, ఎవరికి ఇంకో చోట వైద్యం నడవాలి అన్నది చాలావరకు తేడా తెలిసిందని ఆ ఆస్పత్రి వాళ్ళే రాశారు. ఈ లిస్టులో నాకు నచ్చేది ఆ దగ్గు. అందరూ కాళ్ళవంకే చూస్తారు, కానీ దగ్గు గట్టిగా లేనివాడికి కఫం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయి మళ్ళీ నిమ్ము పట్టి మళ్ళీ అదే ఐసీయూ మెట్లెక్కుతాడు.

రెండు కొలతలెందుకంటారా? మీ ఊరిదే చెప్తాను. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, రైలు దిగితే ఆమదాలవలస. శ్రీకాకుళం వెళ్ళాలంటే బయటికొచ్చి ఆటోనో బస్సో ఎక్కాలి. ఎమ్మార్సీ ఆ స్టేషన్ బోర్డు లాంటిది. కండ కాస్త తిరిగొచ్చిందని చెప్తుంది, మనిషి బాత్రూముకి వెళ్ళొస్తాడో లేదో చెప్పదు. 50 దాటినా కుర్చీలోంచి లేవలేని వాళ్ళని నేను చూశాను, 44 దగ్గరే మొండికేసి నడిచినవాళ్ళనీ చూశాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, సంక్రాంతి. డాక్టరు గారు చూద్దాం అన్నారంటే తప్పించుకుంటున్నారని అనుకోకండి. ఈ మార్కులు వందమందిలో ఎంతమంది లేస్తారో చెప్పగలవు, ఆ వందలో మీ నాన్న ఎక్కడున్నారో ఒకరోజు మార్కు చూసి ఎవరూ చెప్పలేరు. నేను చూసేది వేరే. జబ్బు రాకముందు మనిషి ఎలా ఉండేవాడు, అది ఒకటి. ఉబాల్లో దిగి నాటు వేయించిన మనిషికీ, అరుగు దిగని మనిషికీ ఇద్దరికీ 38 వచ్చినా అది ఒకే 38 కాదు. రెండోది, వారం వారం ఆ మార్కు ఎటు పోతోంది. 27 నుంచి రెండు వారాలకి 34కి వచ్చిందా, 27 దగ్గరే నిలిచిపోయిందా. నాకు ఆ 27 కంటే ఆ ఏడు మార్కుల తేడాయే ఎక్కువ మాట్లాడుతుంది.

కెనడాలో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని ఐసీయూలో పడి బతికిన 109 మందిని ఏళ్ళ తరబడి వెంటపడి చూశారు, చాలామంది నడివయసు వాళ్ళే. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారన్నది కొలత. మూడు నెలలకి ఆ వయసువాళ్ళు నడవాల్సిన దూరంలో సగం, ఆరు నెలలకి 64 శాతం, ఏడాదికి 66, అయిదేళ్ళకి 76. ఇది చదివి దిగులు పడకండి. చూడాల్సింది ఏంటంటే, మూడో నెలకీ ఆరో నెలకీ మధ్యే పెద్ద గెంతు, ఆ తర్వాత నత్తనడక. మీ నాన్నగారు సరిగ్గా ఆ గెంతు ముందున్నారు, ఈ నెలలు పోగొట్టుకోకూడదు.

నా అంచనా అడిగారు కాబట్టి చెప్తున్నాను, మాట తప్పితే తిట్టుకోండి. మళ్ళీ జొరం, నిమ్ము లాంటివి రాకపోతే, రోజూ కసరత్తు నడిస్తే, సంక్రాంతికి కర్ర పట్టుకుని మధ్యలో రెండుసార్లు కూర్చుని గట్టు దాకా వెళ్తారనే అనుకుంటున్నాను. పండగ పూట కల్లంలో నిలబడి అజమాయిషీ చేస్తారేమో గానీ బస్తా ఎత్తడం మాత్రం ఈ ఏడు వద్దు, ఎత్తుతానంటారు, మీరు ఒప్పుకోకండి.

ఇంట్లో మీరే కొలవచ్చు. గోడకి ఆనించిన చేతుల్లేని కుర్చీ, పిల్లోడి ఫోన్‌లో స్టాప్‌వాచ్. ప్రతి ఆదివారం ఒకే టైముకి, టిఫినైన గంటకి, మనిషి వెనకాల మనిషి నిలబడి, కుర్చీలోంచి లేపండి. మొదటి వారం ఇద్దరు పట్టుకుంటే లేచారు అని రాయండి, తర్వాత ఒకరు, తర్వాత తన చేతులు తొడల మీద నొక్కుకుని, తర్వాత చేతులు కట్టుకుని. అలా లేవగలిగాక అయిదుసార్లు లేచి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడండి. మంచం నుంచి గుమ్మం దాకా ఎన్ని అడుగులు, ఎన్నిసార్లు ఆగారు, క్యాలెండరు మీదే రాసెయ్యండి, పాలవాడి లెక్క పక్కన. మళ్ళీ చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ క్యాలెండరు తీసుకెళ్ళండి, బానే ఉన్నారండీ అన్న మాటకంటే అదే పనికొస్తుంది. చేయించేటప్పుడు గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం వచ్చినా, వేలికి పెట్టే మిషన్లో ఆక్సిజన్ 90 కిందికి పడి కూర్చున్నాక కూడా పైకి రాకపోయినా ఆపేసి ఫోన్ చెయ్యండి. రెండు మూడు వారాలు ఆ లెక్క ముందుకి కదలకపోతే, వెనక్కి పోతే, అప్పుడు కూడా ఎదురుచూడకండి.

ఇంకో మాట, పైన చెప్పిన సీపాక్స్ కుర్చీ నుంచి లేవడమే అడుగుతుంది, నేల మీద నుంచి లేవడం ఆ రెండు కొలతల్లో ఏదీ అడగదు. మన పల్లెటూళ్ళో భోజనం నేల మీద, దొడ్డికి గొంతుక్కూర్చోవడం. కాయితం మీద ఫుల్ మార్కులు తెచ్చుకున్న మనిషి కూడా ఇంటికొచ్చి మరుగుదొడ్డిలో కూర్చుని లేవలేక తలుపు కొట్టి పిలిచిన సంగతులు నా దగ్గర బోలెడు. అందుకని ప్రస్తుతానికి మధ్యలో చిల్లున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనండి, గోడకి ఒక ఇనప రాడ్డు బిగించండి. నేల మీద కూర్చుని లేవడం ఆఖరి పరీక్ష, అది పాసైన రోజు నాకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి వైపు. అమ్మకి 71, కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. పోయిన నెల ఆయాసం వచ్చి ఐసీయూలో ఆరు రోజులుంచారు. చేర్చిన రోజే ఒక చిన్న డాక్టరు వచ్చి మీ అమ్మ వంట చేసుకునేదా, ఒక్కతే బజారుకెళ్ళేదా, స్నానానికి ఎవరైనా సాయం చెయ్యాలా అని అడిగాడు. ప్రాణం మీదకొస్తే ఈ ప్రశ్నలేంటి? ముసల్ది కదా వదిలేద్దాం అనా? ఇప్పుడు ఇంట్లో మూలకి కూర్చుంది, పాతలా అవుతుందా?

జవాబు: బాబూ, నీ కోపం అర్థమైంది, ఆ కుర్రడాక్టరు ఎందుకడుగుతున్నాడో ఒక ముక్క చెప్పి అడగాల్సింది. కానీ అడిగింది తప్పు కాదు. దాన్ని ఫ్రెయిల్టీ స్కేలు అంటారు, 1 నుంచి 9 దాకా. 1 అంటే పరుగులు పెట్టే మనిషి, 9 అంటే జబ్బు చివరి దశలో ఉన్న మనిషి, 5 నుంచి పైకి వెళ్తే ఒళ్ళు సడలిన మనిషి అని లెక్క. ఐసీయూలో మంచం మీద ఉన్న ఒళ్ళుని చూసి కాదు, జబ్బు ముంచుకురాకముందు, రెండు వారాల క్రితం ఎలా ఉండేదో దాన్ని బట్టి వెయ్యాలి, అందుకే నిన్నడిగాడు, అమ్మ చెప్పే స్థితిలో లేదు కదా. ఐసీయూ తర్వాత ఎవరు తేరుకుంటారన్నది ముందే చూడ్డానికి వయసు ఒక్కటే చాలదు. 71 ఏళ్ళకి జీడితోటలో గింజలేరే ముసలమ్మలున్నారు, 55కే మంచం దిగని వాళ్ళున్నారు. వదిలెయ్యడానికి కాదు ఆ మార్కు, ఎంత సాయం సిద్ధం చేసుకోవాలో తెలియడానికి. అలాగని ఆ అంకె చూపించి ఎవరైనా వైద్యం తగ్గిస్తాం అంటే, ఎందుకని గట్టిగా అడిగే హక్కు నీకుంది.

పాతలా అవుతుందా అంటే, పాతలా అంటే ఎలా అన్నది నువ్వు రాయలేదు. జబ్బుకి ముందు కర్రతో వాకిట్లో తిరిగేదా, అయితే మన గమ్యం ఆ వాకిలే, అంతకుమించి ఆశపెట్టి ఆవిడని విసిగించొద్దు. డయాలసిస్ అయిన రోజు కసరత్తు జోలికి పోవద్దు, నీరసంగా ఉంటుంది, మర్నాడు పొద్దున్న బాగుంటుంది. మంచం అంచున కూర్చుని కాళ్ళు చాపడం, ముడవడం పదేసిసార్లు, చిన్న బంతి పిసకడం. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి ఏం చెయ్యాలో డయాలసిస్ దగ్గర అడిగి చెయ్యి. తిండి విషయంలో అందరికీ చెప్పినట్టు గుడ్లు, చేపలు, పప్పు దండిగా పెట్టమని నీకు చెప్పను. కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి నిజమే, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి ఇంకాస్త ఎక్కువే కావాలి, కానీ పొటాషియం, ఫాస్ఫరస్, నీళ్ళు లెక్క ఉంటుంది, కొబ్బరినీళ్ళు బలమని పట్టెయ్యకు, ఉద్దానంలో చెట్టు వాకిట్లోనే ఉంటుందని నాకు తెలుసు. ఏది ఎంతన్నది మీ కిడ్నీ డాక్టరు దగ్గరే రాయించుకో.

ప్రశ్న: విజయనగరం, గంటస్తంభం దగ్గర ఉంటాం. మా వారికి 46. గొంతులో ట్యూబు ఉండగానే ఫిజియో వచ్చి మంచం అంచున కూర్చోబెట్టారు, నాకు ఏడుపొచ్చింది. అలా హింస పెట్టొచ్చా? ఇంటికొచ్చి నెలైంది, ఇంట్లో తిరుగుతున్నారు, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వెళ్తానంటున్నారు.

జవాబు: చూడ్డానికి ఘోరంగా ఉంటుందమ్మా, నేనే ఆ పని చేసేదాన్ని, బయట నిలబడ్డ వాళ్ళ మొహాలు నాకు తెలుసు. 2009లో అమెరికాలో 104 మందితో ఒక పరీక్ష జరిగింది, మత్తు తగ్గించి మొదటి రోజుల్లోనే కదిలించినవాళ్ళలో 59 శాతం ఆస్పత్రి వదిలేటప్పటికి తమ పనులు తాము చేసుకున్నారు, మామూలుగా చూసినవాళ్ళలో 35 శాతమే. అది చూసి మేమంతా ఎగిరి గంతేశాం. మళ్ళీ 2022లో 750 మందితో ఇంకా పెద్ద పరీక్షలో, మామూలు ఫిజియో కంటే ఎక్కువ మోతాదులో చేయిస్తే లాభం కనపడలేదు సరికదా గుండె లయ తప్పడం, బీపీ, ఆక్సిజన్ పడడం లాంటి ఇబ్బందులు ఎక్కువొచ్చాయి. కాబట్టి కూర్చోబెట్టడం హింస కాదు, తోసుకుంటూ పోవడమూ గొప్ప కాదు, ఆ పూట ఒళ్ళు ఎంత తట్టుకుంటే అంత. మీవారిని కూర్చోబెట్టింది సరైన పనే.

సిరిమాను సంగతి. ముందు వారం సాయంత్రం పూట ఒకసారి మీ వీధి చివరి దాకా నడిపించి తీసుకురండి, అరగంట ఆగకుండా నిలబడగలరా చూడండి, వాళ్ళూ వీళ్ళూ తగిలినా తూలకుండా. నెల రోజులకి చాలామంది అరగంట నిలబడలేరు. కోట దగ్గర ఆ జనంలో తోపులాటకి నేనే నిలబడలేను, బాగున్న మనిషిని. సిరిమాను తిరిగే దారిలో మీ చుట్టాల డాబా ఏదో ఒకటి ఉంటుంది కదా, మధ్యాహ్నమే వెళ్ళి మెట్లు ఒక్కోటి ఆగి ఆగి ఎక్కి, కుర్చీ వేసుకుని చూడమనండి, అమ్మవారు అక్కడికీ కనపడుతుంది. దిగేటప్పుడు మాత్రం జనం పలచబడే దాకా ఆగండి, ఎక్కడం కంటే దిగేటప్పుడే తొడలు మోసం చేస్తాయి.

ప్రశ్న: పాలకొండ. ఐసీయూ నుంచి వచ్చిన అన్నయ్య నీళ్ళు తాగితే పొరబోతోంది, గొంతు బొంగురుపోయింది, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు, లెక్కలు మర్చిపోతున్నాడు. నూనె మర్దనా చేయిస్తే పోతుందా?

జవాబు: పోదు. మర్దనా హాయిగా ఉంటుంది, చేయించండి, కానీ కండ రాదు, పని చేస్తేనే వస్తుంది. ఆ ఉలికిపాటు, మతిమరుపు కూడా ఐసీయూ వెనకాల వచ్చేవే, చాలామందికి ఉంటాయి, పిచ్చి అని అన్నయ్య ముందు అనకండి, డాక్టరుకి చెప్పండి. నీళ్ళు పొరబోవడం మాత్రం ఈ వారమే చూపించాలి, ట్యూబు వల్ల గొంతు దెబ్బతిని ఉండొచ్చు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ నిమ్మే. అప్పటిదాకా పడుకోబెట్టి ఏదీ తాగించొద్దు, నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి దించి చెంచాతో, పల్చటి నీళ్ళకంటే కాస్త చిక్కటి చోడంబలి (రాగిజావ) అయితే చాలామందికి మెరుగ్గా దిగుతుంది, దానికీ దగ్గు వస్తుంటే అదీ ఆపేసి ఆ రోజే వెళ్ళండి.